క్లచ్ ప్లేట్లు ఇంట్లోనే మార్చుకోవచ్చా?

ప్రశ్న: మిట్ట ఎక్కేటప్పుడు నా డర్ట్ బైక్ ఇంజిన్ అరుస్తోంది, బండి మాత్రం లాగడం లేదు. ప్రత్యేక పనిముట్లు లేకుండా క్లచ్ నేనే మార్చుకోగలనా?

జవాబు: మార్చుకోగలరు. ముందు కేబుల్ చూడండి. లివర్‌కు బొత్తిగా ఆట లేకపోతే కొత్త ప్లేట్లు కూడా జారతాయి. ప్లేట్లే అరిగితే, మధ్యలోని పెద్ద నట్టు జోలికి పోనక్కర్లేదు. ప్రత్యేక పనిముట్టు కావాల్సింది దానికే.

పెట్రోల్ ట్యాప్ కట్టేసి బండిని ఎడమవైపు పడుకోబెడితే, చాలా బళ్లలో ఆయిల్ తీయకుండానే కుడివైపు క్లచ్ కవర్ విప్పొచ్చు. స్ప్రింగ్ బోల్టులను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా వదులు చేయండి. ప్లేట్ల వరుసను ఫొటో తీసుకోండి. స్టీలు ప్లేట్లను అద్దం మీద పరిచి చూడండి: వంగినా, నీలంగా కమిలినా మార్చాల్సిందే. కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లను ముందు రాత్రే ఇంజిన్ ఆయిల్లో నానబెట్టాలి. ఈ పని ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ! పొడిగా బిగిస్తే త్వరగా మాడతాయి.

బాస్కెట్ వేళ్ల మీద గాట్లు లోతుగా పడి ఉంటే క్లచ్ సాఫీగా వదలదు. బాస్కెట్ మార్చాలంటే మెకానిక్ దగ్గరికే వెళ్లండి. స్ప్రింగ్ బోల్టులు చిన్నవి, బలం చూపిస్తే మర పోతుంది. టార్క్ రెంచ్ ఒక్కటి అరువు తెచ్చుకోండి. ఆయిల్ డబ్బా మీద జాసో ఎంఏ గుర్తు ఉండాలి. కారు ఆయిల్ వద్దు.