రాగిరేకుకు గొంతు ఇచ్చిన గాయకుడు
(ఎం.ఏ. తెలుగు విద్యార్థిని, హాస్టల్ పూర్వ విద్యార్థిని)



కొరియా పాటలంటే మన హాస్టల్లో ఇప్పుడు ఎంత మోజో నాకు తెలుసు. బి.టి.ఎస్. పిల్లలు 2013లో వచ్చారనీ, ఐ.యు. అనే పేరుతో పాడే లీ జి-ఉన్ 2008లో పదిహేనేళ్ల వయసులోనే పాడటం మొదలుపెట్టి తర్వాత తన పాటలకు తానే మాటలు రాసుకుందనీ మీరు గడగడా చెప్తారు. అది తప్పేమీ కాదు. అక్కడ ఒక కంపెనీ పిల్లల్ని చేర్చుకుని ఏళ్ల తరబడి గొంతుకీ నాట్యానికీ శిక్షణ ఇచ్చి, పాటలు విడుదల చేసి, లోకానికి పరిచయం చేస్తుంది. అయితే పాటనే ఉద్యోగంగా చేసుకుని బతికిన ఒక మనిషి మన తిరుపతిలోనే ఉండేవారు. ఆయన పాట మనం రోజూ వింటూనే ఉంటాం. పాడిందెవరో మాత్రం అడగం. ఆయన పేరు గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్.

ఆయన 1948 నవంబరు 9న రాజమండ్రిలో పుట్టారు. సినిమా గాయని ఎస్. జానకి గారికి దగ్గరి బంధువు. నేదునూరి కృష్ణమూర్తి గారి దగ్గర శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నారు. ఇంట్లో పాట ఉన్నవాళ్లకి దారి కొంచెం సులువే, ఆ మాట దాచాల్సిన పని లేదు. కానీ ఆయన చేసిన పని బంధువుల పేరు చెప్పుకుని చేయగలిగింది కాదు. అదేమిటో అర్థం కావాలంటే ముందు రాగిరేకుల సంగతి తెలియాలి.

తాళ్లపాక అన్నమాచార్యులు 1408 నుంచి 1503 వరకు జీవించాడు. పదహారో ఏట, అంటే 1424లో పాటలు కట్టడం మొదలుపెట్టి, కన్నుమూసేదాకా కట్టాడని రాగిరేకుల మీదే చెక్కి ఉంది. మొత్తం 32 వేల సంకీర్తనలని ప్రసిద్ధి. డెబ్బై తొమ్మిదేళ్లకు లెక్కేసి చూడండి, రోజుకు ఒకటికంటే ఎక్కువే. తరువాత ఆయన కొడుకు పెదతిరుమలాచార్యుడి కాలంలో ఆ పాటలను రాగిరేకుల మీద చెక్కించారు. ఒక్కో రేకులో సాధారణంగా ఆరు పాటలు ఉంటాయి. ఆ రేకుల్ని తిరుమల గుడిలోనే ఒక చిన్న రాతి అరలో దాచిపెట్టారు. దాన్నే తాళ్లపాక అర అంటారు. అర బయట అటొకరు ఇటొకరుగా తండ్రీకొడుకుల బొమ్మలు చెక్కి ఉంటాయి. ఆ రేకులు శతాబ్దాల పాటు జనానికి అందకుండా ఉండిపోయాయి. ఇరవయ్యో శతాబ్దంలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటి పండితులు వాటిని చదివి అచ్చుకు తెచ్చారు. ఇప్పుడు దొరుకుతున్నవి పన్నెండు వేలకు పైన.

ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. రేకు మీద పాట ఉంది, పైన రాగం పేరు ఉంది. స్వరం లేదు. ముఖారి, బౌళి, సామంతం, సాళంగనాట అని పేరు రాసి ఉంటుంది, అంతే. ఆ రోజుల్లో ఎలా పాడారో చెప్పేవాళ్లు లేరు. కొన్ని రాగాలైతే కచేరీల్లోనే వినిపించడం మానేశాయి. మన అమ్మల పాటకు వరస ఉంటుంది గానీ రాత ఉండదు. అన్నమయ్య పాటకు రాత మిగిలింది, వరస పోయింది. రెండూ పోగొట్టుకోవడమే, ఒకటి అటు, ఒకటి ఇటు.

రాళ్లపల్లి వారు నూరుకు పైగా పాటలకు వరసలు కట్టి దారి వేశారు. నేదునూరి వారూ కట్టారు. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టును ప్రారంభించినప్పుడు బాలకృష్ణప్రసాద్ గారు అందులో గాయకుడిగా చేరారు. 2006 దాకా, ఇరవై ఎనిమిదేళ్లు, అక్కడే పని చేశారు. ఆ మధ్యలో ఆయన ఆరు వందలకు పైగా సంకీర్తనలకు వరసలు కట్టారు. 'వినరో భాగ్యము విష్ణుకథ', 'జగడపు చనవుల జాజర', 'పిడికిట తలంబ్రాల పెండ్లికూతురు' మనకు ఇవాళ వినబడే వరసలు ఆయనవే. అన్నమయ్యే ఆ వరస కట్టాడని అనుకునేవాళ్లు చాలామంది. ఇంతకంటే వరస కట్టినవాడికి ఏం కావాలి అనిపిస్తుంది. కానీ పేరు కూడా తెలియాలి గదా!

మన పాఠాల్లో వాగ్గేయకారుడు అనే మాట ఉంది. వాక్కూ తనదే, గేయమూ తనదే అయినవాడు. అన్నమయ్య, త్యాగయ్య ఆ కోవలోకి వస్తారు. బాలకృష్ణప్రసాద్ గారు సొంతంగా కృతులు రాసి వరస కట్టారు కాబట్టి ఆయనకూ ఆ పేరు చెల్లుతుంది. కానీ ఆయన జీవితంలో ఎక్కువ భాగం ఇంకొకరి మాటకే ఖర్చయింది. దాన్ని తక్కువగా చూడకూడదని నా అభిప్రాయం. బి.టి.ఎస్. వాళ్ల 'డైనమైట్' పాట కూడా (2020) వాళ్లు రాసుకున్నది కాదు, వేరే దేశం రచయితలు రాసిచ్చారు. దాన్ని తమదిగా చేసుకుంది గొంతు.

వరస కట్టడం అంటే ఏమిటో కొంచెం చెప్తాను. ముందు పల్లవిని చాలాసార్లు చదవాలి. ఏ మాట మీద బరువు పడాలి, ఎక్కడ మాట విరిస్తే అర్థం చెడుతుంది అని చూడాలి. పాత తెలుగులో ఒక పదం పాదం చివర తెగి తర్వాతి పాదంలోకి పోతుంది. తాళం కోసం అక్కడ ఆపితే వినేవాడికి అర్థం కాదు. రేకు మీద ఉన్న రాగంలోనే కట్టాలా, పాట భావానికి తగిన వేరే రాగం తీసుకోవాలా అనేది ఇంకో ప్రశ్న. పండితులు దీని మీద ఇప్పటికీ వాదించుకుంటారు. బాలకృష్ణప్రసాద్ గారి వరసల్లో నాకు కనబడేది ఒకటే. మాట స్పష్టంగా వినబడుతుంది. గమకం వేసినా మాటను మింగదు. పల్లవి రెండోసారి వచ్చేసరికి వింటున్నవాళ్లు గొంతు కలపగలరు. సంగీతం రాని నేనే కలపగలుగుతున్నాను, అంతకన్నా రుజువు ఏం కావాలి!

ఇందులో మన జిల్లా పాత్ర కూడా ఉంది. 1978లోనే దేవస్థానం తరఫున అన్నమయ్య పాటల ప్రచారానికి ఎంపికైన శోభారాజు గారు మన వాయల్పాడులో పుట్టినవారు. తర్వాత హైదరాబాదులో అన్నమాచార్య భావనా వాహిని స్థాపించారు. 2010లో పద్మశ్రీ వచ్చింది. వాయల్పాడు నుంచి వచ్చే చెల్లెళ్లు ఈ పేరు గుర్తుంచుకోండి.

ఇప్పుడు నేను అసలు రాయాలనుకున్న సంగతి. 'బ్రహ్మమొక్కటే' పాట మనందరికీ వచ్చు. రాజు నిద్రా బంటు నిద్రా ఒకటేననీ, బ్రాహ్మణుడు నిలిచే నేలా చండాలుడు నిలిచే నేలా ఒకటేననీ అందులో అన్నమయ్య అంటాడు. పరీక్షలో అడిగితే సమానత్వం అని రాసి మార్కులు తెచ్చుకుంటాం. కానీ ఆ రెండో మాటలో ఉన్నది మనమే. పాట కట్టినాయన 1503లో పోయాడు. మద్రాసు రాష్ట్రంలో గుళ్ల తలుపులు మనవాళ్లకు తెరవాలని చట్టం వచ్చింది 1947లో. మధ్యలో నాలుగు వందల నలభై నాలుగేళ్లు. అన్నమయ్యను నేను తప్పు పట్టడం లేదు. ఆ కాలంలో ఆ మాట అనడమే పెద్ద సాహసం. అయితే పాట ఉన్నంత మాత్రాన పని జరగదు. ఆ పాట అరలో ఉండిపోయినన్నాళ్లూ మనకు ఉపయోగపడలేదు. అరలోంచి తీసినవాళ్లూ, అచ్చు వేసినవాళ్లూ, వరస కట్టి మైకుల దాకా తెచ్చినవాళ్లూ ఉన్నారు కాబట్టే ఈ రోజు మన హాస్టల్ ప్రార్థనలో దాన్ని గొంతెత్తి పాడుకుంటున్నాం. అందుకే ఈ వ్యాసానికి రాసినవాణ్ణి కాక, వరస కట్టినవాణ్ణి ఎంచుకున్నాను.

ఇంకో మాట. అన్నమయ్య పాటల్లో జోలపాట ఉంది, లాలి ఉంది, గొబ్బిపాట ఉంది, దంపుడు పాట సువ్వి ఉంది. ఇవి పండితుల ఇంట్లో పుట్టినవి కావు. వడ్లు దంచే ఆడవాళ్ల నోట్లోంచి తీసుకున్నవి. మా అమ్మ శెనక్కాయలు ఒలిచేటప్పుడు పాడే పాటల నడక, ఆయన సువ్వి పాటల నడక పక్కపక్కన పెట్టి చూస్తే అక్కాచెల్లెళ్లలాగా కనబడతాయి. ఆయన పాటలకు రాగిరేకులు దొరికాయి, ఎందుకంటే తాళ్లపాక వాళ్లకు రాజుల అండ ఉంది, డబ్బు ఉంది. దంచినవాళ్ల పాటలకు కాగితం కూడా దొరకలేదు.

పాడటం కూడా ఒక ఉద్యోగమా అని మన ఇళ్లలో అడుగుతారు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదటిదాన్ని, నన్ను కూడా తెలుగు ఎం.ఏ. చేస్తే ఏమొస్తుందని అడిగారు. బాలకృష్ణప్రసాద్ గారు నెల జీతం మీద ఇరవై ఎనిమిదేళ్లు పాడారు, తిరుమల తిరుపతి దేవస్థానం ఆస్థాన విద్వాంసులయ్యారు. 2025 మార్చి 9న తిరుపతిలోనే కన్నుమూశారు. అందరికీ అలాంటి అవకాశం రాదు, నిజమే. కానీ గొంతు ఉన్న పిల్లలు కనీసం దారి ఎక్కడుందో తెలుసుకోవాలి. తిరుపతిలోనే దేవస్థానం వారి శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఉంది. గాత్రం, వీణ, వయొలిన్, మృదంగం, నాట్యం నేర్పుతారు. పదో తరగతి సెలవుల్లో ఒకసారి వెళ్లి ఆఫీసులో ప్రవేశాల వివరాలు అడిగి రండి. అడగడానికి సిగ్గుపడకండి, వార్డెన్ గారిని తోడు తీసుకెళ్లినా ఫరవాలేదు.

పాడటం రానివాళ్లకూ ఒక పని ఉంది. సంక్రాంతి సెలవులకు ఊరికి పోయినప్పుడు అమ్మమ్మ, జేజి, మేనత్త ఎవరు ఏ పని చేస్తూ ఏ పాట పాడతారో రాసుకోండి. మాటలతో పాటు ఎవరు పాడారు, ఏ ఊరు, ఏ పని, ఏ తేదీ అని కింద రాయండి. ఫోనులో వరస కూడా రికార్డు చేసుకోండి, లేకపోతే రాగిరేకుల కథే మళ్లీ అవుతుంది. నేను మా ఊరి పాటలు ఒక నోటుపుస్తకంలో రాస్తున్నాను. మీరు రాసినవి హాస్టల్ లైబ్రరీలో ఇస్తే, వచ్చే వార్షికోత్సవ సంచికలో ఊరి పేరుతో, పాడినవారి పేరుతో వేయమని సంపాదకులను అడుగుతాను.