వరద మొదలైన పిమ్మట లంకలనుండి గట్టు చేరుట

గోదావరి లంకలలో కాపురముండు రైతులకు వరద కొత్త కాదు. కొత్త కాకపోవుటయే ఒక్కొక్కప్పుడు ప్రమాదమునకు కారణమగుచున్నది. "1986 లో సైతము మా అరుగు తడియలేదు" అని ధైర్యముగా కూర్చుండువారిని మనమందరము ఎరుగుదుము. అరుగు తడియకపోవచ్చును. కాని లంకలో నీరు ముందుగా ఇంటికి రాదు, దారికి వచ్చును. పాయ నిండి కాజ్‌వే మునిగెనేని, వాకిలి పొడిగానున్నను ఆ యిల్లు ఒంటరి ద్వీపమే.

భద్రాచలము వద్ద నీటిమట్టము 43 అడుగులకు చేరినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరిక, 48 కి రెండవది, 53 కి మూడవది ఇత్తురు. ధవళేశ్వరము వద్ద ఇవి వరుసగా 11.75, 13.75, 17.75 అడుగులు. భద్రాచలములో 1986 ఆగస్టున 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చినవి. అక్కడి నీరు ధవళేశ్వరము చేరుటకు సుమారు ఒక దినము పట్టును. లంక రైతు చేతిలోనున్న వ్యవధి అదియే. కనుక ధవళేశ్వరపు అంకె కొరకు కాచుకొనక, భద్రాచలపు అంకెను విని కదలవలెను. అయితే శబరి నది భద్రాచలమునకు దిగువన, కూనవరము వద్ద కలియును. శబరి కూడ పొంగుచున్నదని విన్నచో మరికొంత ముందే బయలుదేరుట మంచిది.

ఆలస్యమునకు పెద్ద కారణము పశువులు. వాటిని విడిచి రాలేక ఇంటిల్లిపాది ఆగిపోవుదురు. అందుచేత మొదటి హెచ్చరికనాడే, దారి ఆరియుండగానే, చూడి పశువులను, పాడి పశువులను, దూడలను గట్టుకు తోలవలెను. రెండు మూడు దినములకు సరిపడు ఎండుగడ్డి, తవుడు వాటితోనే పోవలెను. పశువులు పోయిన యింట మనుష్యులు ఆగరు. ఎట్లును తరలించుటకు వీలుపడనప్పుడు పలుపులు విప్పి వదలుడు. గుంజకు కట్టిన పశువు నిలిచినచోటనే మునుగును. విప్పినది ఈది మెరకకు చేరవచ్చును.

గర్భిణులను, బాలింతలను, పసిపిల్లలను, నడువలేని వృద్ధులను తొలి పడవలో, పగటివేళనే దాటించవలెను. పిల్లలున్న పడవలో గేదెను ఎక్కింపరాదు. అది బెదరినచో పడవ తిరగబడును. పడవవాడు చాలునన్న తరువాత ఒక్కరైనను ఎక్కవద్దు. అందరును క్రిందనే కూర్చుండి, రక్షణ జాకెట్లు దొరికినచో తొడుగుకొనవలెను. చీకటిలో కొట్టుకొనివచ్చు మానులు కానరావు గనుక రాత్రి ప్రయాణము తగదు.

పారుచున్న నీరు మోకాలి లోతైనను మనిషిని పడవేయును. ట్రాక్టరు బరువైనది, కొట్టుకొనిపోదని నమ్మి మునిగిన కాజ్‌వే మీదికి పోనీయవద్దు. నీటి అడుగున రోడ్డు అంచు కోసుకొనిపోయినదో లేదో పైకి తెలియదు. ఏటి ఒడ్డున మిగిలిన మోటారు కొరకు వెనుకకు పోవుటయు ఇట్టిదే. మోటారు తరువాత బాగుచేయించుకొనవచ్చును.

బయలుదేరునప్పుడు మెయిను స్విచ్చి, గ్యాసు కట్టివేయవలెను. నీటిలో నిలిచి మాత్రము స్విచ్చి ముట్టరాదు. పాసుపుస్తకము, ఆధార్ కార్డు, నిత్యము వాడు మందులు ఒక ప్లాస్టిక్ సంచిలో మూతిగట్టి వెంట ఉంచుకొనుడు. చిక్కుకొన్నవారు 112 కు ఫోను చేయవచ్చును.

గట్టు చేరగానే వీధివారీగా తలలు లెక్కింపుడు. ఒంటరి ముసలివారు, కౌలుకు వచ్చి తోటలో పాకవేసికొన్నవారు ఈ లెక్కలో తప్పిపోవుచుందురు. రానివారి ఇంటి గుర్తులు గ్రామ రెవిన్యూ అధికారికి వెంటనే చెప్పినచో, ప్రొద్దు గ్రుంకకముందే పడవ మరల పంపుటకు వీలుండును.