నాలుగో తరగతికే కళ్లజోడా?

ప్రశ్న: మా పాపకు తొమ్మిదేళ్లు. బోర్డు కనిపించక పక్కమ్మాయి నోట్సు చూసి రాసుకుంటోందని టీచరు చెబితే, కళ్లజోళ్ల షాపులో చూపించాం. రెండు కళ్లకూ మైనస్ ఒకటిన్నర వచ్చింది. మావారికి చిన్నప్పట్నుంచీ సైటు ఉంది. ఇప్పట్నుంచే అద్దాలు పెడితే నంబరు పెరుగుతుందనీ, క్యారెట్, పొన్నగంటి కూర తినిపిస్తే అదే పోతుందనీ మా అత్తగారు అంటున్నారు. ఫోను వల్లే అని మావారంటారు. పాప క్లాసులో ఇంకా చాలామందికి అద్దాలున్నాయట. ఎందుకిలా? ఐదేళ్ల బాబుకు కూడా వస్తుందా?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: ముందు అద్దాల సంగతి తేల్చేద్దాం. మైనస్ ఒకటిన్నర అంటే రెండడుగులు దాటిన ప్రతిదీ కాస్తో కూస్తో మసకే. బోర్డే కాదు, బస్సు మీద ఊరి పేరు కూడా మీ పాపకు సరిగా కనిపించదు. ఈ సైటులో కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి ఉండాల్సిన దానికన్నా పొడవు పెరుగుతుంది. ఒక్క మిల్లీమీటరు పెరిగితే నంబరు సుమారు రెండున్నర మారిపోతుంది. ఎదిగే వయసు కాబట్టి అద్దాలు పెట్టినా పెట్టకపోయినా అది పెరుగుతుంది, నింద మాత్రం అద్దాల మీద పడుతుంది. నిజానికి మలేసియాలో కొందరు పిల్లలకు కావాలనే తక్కువ నంబరు అద్దాలిచ్చి చూస్తే, వాళ్లకే సైటు ఎక్కువ పెరిగింది. పొన్నగంటి కూర మంచిదే, మానకండి. విటమిన్ ఎ లోపం వల్ల వచ్చే రేచీకటికి ఆ తిండి పనికొస్తుంది కానీ, సాగిన కన్ను దాంతో పొట్టి కాదు.

అద్దాలు చేయించే ముందు ఒక్కసారి కంటి డాక్టరుకు చూపించండి. పిల్లలు మెషిన్‌లోకి చూసేటప్పుడు తెలియకుండానే కంటి కండరాన్ని బిగిస్తారు, దాంతో మైనస్ ఎక్కువ చూపించవచ్చు. చుక్కల మందు వేసి ఆ కండరాన్ని వదులు చేశాక చూస్తేనే అసలు నంబరు తెలుస్తుంది. ఆ పూట దగ్గరి అక్షరాలు మసకగా ఉంటాయి, వెలుతురు గుచ్చుతుంది, కంగారు పడొద్దు. హోంవర్కు లేని రోజు చూసుకోండి, అంతే.

ఇక ఎంతమందికి ఉందన్న మాట. 2002లో వెలువడిన అధ్యయనాల్లో మహబూబ్‌నగర్ పల్లెల్లో 7 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో నూటికి నలుగురికి, ఢిల్లీ పిల్లల్లో నూటికి ఏడుగురికి పైగా ఈ సైటు కనిపించింది. 2015లో ఢిల్లీ బడిపిల్లల లెక్క 13కి చేరింది. కొలిచిన పద్ధతులు వేరైనా, పెరుగుతోందన్నది స్పష్టం. తైవాన్, దక్షిణ కొరియా, సింగపూర్‌లలో చదువు ముగించి బయటికొచ్చే యువతలో నూటికి 80 మందికి పైగా ఉంది.

మీవారి నుంచే వచ్చిందా అంటే, కొంత అవును. కానీ వంశం ఒక్కటే కారణం కాదు. చైనా మూలాలున్న ఆరేడేళ్ల పిల్లల్ని సింగపూర్‌లోనూ, సిడ్నీలోనూ పరీక్షించారు. తల్లిదండ్రుల్లో సైటు ఉన్నవాళ్లు రెండుచోట్లా దాదాపు సమానమే. అయినా సింగపూర్‌లో నూటికి 29 మంది పిల్లలకు సైటు ఉంటే, సిడ్నీలో ముగ్గురికే ఉంది. పుస్తకాలు ఎక్కువ చదివింది కూడా సిడ్నీ పిల్లలే! తేడా ఎక్కడంటే, వాళ్లు వారానికి దాదాపు 14 గంటలు ఆరుబయట గడిపారు. సింగపూర్ పిల్లలు మూడు గంటలే.

పగటి వెలుతురుకు రెటీనాలో డోపమిన్ విడుదలై కంటి సాగుదలకు కళ్లెం వేస్తుందని భావిస్తున్నారు. ట్యూబ్‌లైటుకు అంత శక్తి లేదు. చెట్టునీడ కూడా గదిలోకన్నా ఎన్నోరెట్లు వెలుతురు, కాబట్టి మన ఎండల్లో పిల్లల్ని మాడ్చక్కర్లేదు. ఉదయం, సాయంత్రం కలిపి రోజుకు రెండు గంటలు బయట ఉంటే చాలు. మీవారు అన్నట్టు ఫోను తగ్గించాల్సిందే. కానీ ఫోను లాక్కుని ఆ సమయంలో ట్యూషన్‌లో కూర్చోబెడితే ప్రయోజనం లేదు. సైటు వచ్చేశాక ఆటలు దాన్ని వెనక్కి తిప్పవు, అవి ఎక్కువగా పనికొచ్చేది ఇంకా రానివాళ్లకే.

పాపకు ఆరు నెలలకోసారి పరీక్ష చేయించండి. నంబరు ఏటా అర, ముప్పావు చొప్పున పెరుగుతుంటే తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కలు, ప్రత్యేక అద్దాల గురించి డాక్టరును అడగండి. ఆ చుక్కలు సొంతంగా కొని వేయొద్దు. మైనస్ ఆరు దాటితే పెద్దయ్యాక రెటీనా ఊడటం, గ్లాకోమా లాంటి ముప్పులు బాగా పెరుగుతాయి. బాబుకు తప్పక వస్తుందని కాదు, కానీ అవకాశం ఎక్కువ. మసకగా కనిపిస్తే వాడు చెప్పడు, లోకమంతా అలాగే ఉంటుందనుకుంటాడు. పాపతోపాటు వాడినీ తీసుకెళ్లండి.