మేఘముల మాటున

మేఘములో ప్రవేశించిన విమానచోదకునకు ఒక్కొక్కప్పుడు తన విమానపు రెక్కల కొసలైనను కానరావు. ఇక ఎదుట వచ్చు విమానమును కన్నులతో కనుగొనుట కల్ల. రెండును గంటకు 900 కిలోమీటర్ల వేగముతో నున్నచో, నడిమి దూరము సెకనుకు అర కిలోమీటరు చొప్పున తరిగిపోవును.

1996 నవంబరు 12వ తేదీ సాయంకాలము ఢిల్లీ సమీపమున చర్ఖీ దాద్రీ మీది మేఘములలో ఘోరము జరిగినది. 15,000 అడుగుల ఎత్తున నిలువవలసిన కజకిస్తాన్ విమానము ఇంకను దిగి, 14,000 అడుగుల ఎత్తున నున్న సౌదీ విమానమును ఢీకొనెను. 349 మంది మరణించిరి. నాటి ఢిల్లీ రాడారు విమానముల ఎత్తును చూపజాలకుండెను.

పిమ్మట మన దేశమున పెద్ద విమానములకు టీకాస్ అను యంత్రము తప్పనిసరి యైనది. అది ఎదుటి విమానమును రేడియో తరంగములతో పలుకరించును. వచ్చిన బదులును బట్టి దాని దూరమును, ఎత్తును గ్రహించి, ఒకరిని పైకిని, ఒకరిని క్రిందికిని పొమ్మని చెప్పును.

యంత్రమొకటి, నేలమీది అధికారి యొకటి చెప్పినచో? 2001 జనవరి 31న జపానులో నదే జరిగినది. అధికారి పొరపాటున ఒక విమానమునకు మాఱుగా వేఱొకదానిని దిగుమనెను. యంత్రము ఎక్కుమనుచున్నను దాని చోదకుడు దిగుచునే యుండెను. రెండవ విమానమును తన యంత్రము చెప్పినట్లు దిగుచుండెను! ఎదుటిది కంటబడినది గనుక ఆ చోదకుడు చివరి క్షణమున మఱింత దిగి, దాని క్రిందుగా తప్పించుకొనెను. సుమారు 100 మంది గాయపడినను, రెండిటిలోని 677 మందియు బ్రతికిరి. నడుమ నొక్క మేఘము అడ్డమై యున్నచో ఏమయ్యెడిదో!

మఱుసటి యేడు జర్మనీ మీద, రాత్రివేళ, అట్టి సందిగ్ధముననే 71 మంది మరణించిరి. 2003లో అంతర్జాతీయ నియమము స్పష్టమైనది: రెండు ఆజ్ఞలును భిన్నములైనపుడు చోదకుడు యంత్రము మాటనే వినవలెను.