ఉస్సురంటె తప్పేంది చెల్లె?

మా ఇంట్ల దీపాలు ముట్టిచ్చే యాళ్లకు ఎవ్వరూ ఉస్సురనొద్దు. మా అమ్మమ్మ పెట్టిన కట్టడి అది. పొద్దంతా చేన్ల వంగి వంగి నడుం పడిపోయినా సరే, కడప కాడ కూసోని ఇంత గట్టిగ ఊపిరి ఇడిస్తె చాలు, "ఏందే ఆ ఉస్సురు? లచ్చిమి వచ్చే యాళ్ల!" అని కసిరేది. తీరా చూస్తె ఆమెనే, గడ్డిమోపు నెత్తి మీదికెల్లి దించి "ఉష్షో... అవ్వా" అని ఇంత పొడుగు ఊపిరి ఇడిసేది. అడిగితె, "ఇది మోపు దించిన ఉస్సురు, గది వేరు" అని నవ్వేది.

మోపు దించిన ఉస్సురు. చెల్లె, ఇయ్యాల నేను చెప్పేదంతా ఆ ఒక్క మాట సుట్టే తిరుగుతది.

ఇప్పుడు అందరి నోట్ల స్ట్రెస్సే. టీచరమ్మకు స్ట్రెస్, బీడీలు చేసేటామెకు స్ట్రెస్, ఆరో తరగతి పిల్లకు గూడ స్ట్రెస్. ఆ మాట మీద నాకేం కోపం లేదు గానీ, మన దగ్గర దీనికి ఇల్లు నిండ మాటలున్నయ్. గ్యాస్ అయిపోయింది, సుట్టాలు బస్సు దిగిండ్రు, కరెంటు పోయింది - అది పరేషాన్. రాత్రి పదింటికి ఫోన్ మోగితె కడుపుల దిగే సల్లదనం బుగులు. బిడ్డ పెండ్లి, మిత్తి పైసలు, మనతోని పాటే మంచంల పండుకోని మనకన్న ముందుగాల లేచేది రంది. ఇగ ఎవ్వరితోని మాట్లాడబుద్ధి గూడ కాకుంటె యాష్ట. అన్నిటికన్న లోతు మనాది, అది పట్టుకుంటె మనిషి సగమైతది. మన కరీంనగర్ దిక్కు నలిమెల భాస్కర్ సారు 'తెలంగాణ పదకోశం' తెచ్చిండని చాన మందికి ఎరుకే. ఇసొంటి మాటలు ఇంకా మన నోట్ల ఉండంగనే వాడుకుంటె మంచిది. ఎందుకంటె పేరు తెలిస్తె సగం మందు తెలిసినట్టే. బుగులుకు పనిచేసింది మనాదికి పనిచెయ్యది.

మరి మనకు దొరికే మందేంది? "రంది పెట్టుకోకు." అత్త అంటది, పెనిమిటి అంటడు, పక్కింటామె అంటది. నేనేమన్న అంగట్ల కొనుక్కొచ్చి పెట్టుకున్ననా, తీసి అవతల పెడుదామంటె?

మా చిన్న చెల్లెను జైనథ్ దిక్కు ఇచ్చినం. నల్లరేగడి భూములు, పత్తి తప్ప ఇంకో ముచ్చట ఉండది. ఒక చలికాలం మా మరిది బండి నిండ పత్తి ఏసుకోని ఆదిలాబాద్ యార్డుకు వచ్చిండు. మద్దతు ధరకు కొనేకాడ లెక్క నీకెరుకే: తేమ 8 శాతం ఉంటె నిండు ధర, ఆపైన శాతానికింత కోత, 12 దాటితె కొనరు. మన దగ్గర డిసెంబర్ చలికి రాత్రి మంచు కురిస్తె పత్తి నీళ్లు తాగినట్టే. మీటర్ల 14 చూపెట్టింది. ఆయన బండి కాడనే పండుకున్నడు, ఫోన్ల చార్జింగ్ అయిపోయింది. ఇగ ఇంటికాడ నా చెల్లె పిల్లలను పండబెట్టి, యాభై సార్లు ఫోన్ చేసి, చివరికి నాకు చేసింది. "అక్కా, చేతులు వణుకుతున్నయే. గుండె గొంతులకొచ్చింది."

నా నాలిక చివరిదాక వచ్చింది, "రంది పెట్టుకోకు" అని. మింగిన. "ముందుగాల కూసో" అన్న. "ముక్కుతోని నిండ ఊపిరి పీల్చు. నిండిందా? దాని మీదనే ఇంకో గుక్కెడు పీల్చు. ఇగ నోటితోని ఇడువు, కాలే చాయ మీద ఊదినట్టు, మెల్లగ, ఇంకా మెల్లగ, అంతా ఖాళీ అయ్యేదాక." మొదలు తిట్టింది. "మొగడు చలిల పడుంటె నాకు ఊపిరి ఆటలా?" అన్నది. అయినా చేసింది. ఐదారు సార్లు అయ్యేసరికి ఫోన్ల నాకు తెలుస్తుంది, గొంతు కిందికి దిగింది. ఆ తర్వాత ఆమెనే అన్నది, "యార్డు పక్కన చాయ బండి ఆయన నంబరు మా బావ దగ్గర ఉండాలె, ఆగు." చాయ బండి ఆయన పోయి మా మరిదిని లేపిండు, మాట్లాడిచ్చిండు. పత్తి తేమ ఒక్క శాతం గూడ తగ్గలేదు చెల్లె, నేనేం మంత్రం ఎయ్యలేదు. తెల్లారి ఎండకు పరిచి ఆరబోసుకుంటె పొద్దుగూకింది. కానీ ఆ నంబరు గంట ముందు గూడ వాళ్ల బావ దగ్గరే ఉన్నది. బుగుల్ల మతికి రాలేదంతే.

ఇది నా సొంత వైద్యం కాదు. అమెరికాల స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు 100 మందికి పైగా మనుషులను తీసుకోని, నెల రోజులు, దినానికి 5 నిమిషాలు రకరకాల ఊపిరి సాధనలు చేయిపిచ్చిండ్రు. కొందరిని ధ్యానంల కూసోపెట్టిండ్రు. 2023ల అచ్చేసిన లెక్కల, గీ రెండుసార్లు పీల్చి పొడుగ్గ ఇడిసే నిట్టూర్పు చేసినోళ్లకే మనసు ఎక్కువ తేటగైందట. దాని వెనుక పెద్ద గుట్టేం లేదు. ఊపిరి తీసుకుంటుంటె గుండె జెర ఉరుకుతది, ఇడుస్తుంటె నెమ్మదైతది. ఇడుసుడు పొడుగైతె గుండెకు నిమ్మళం దొరికినట్టు. రెండో గుక్కతోని ఊపిరితిత్తుల్ల మూసుకపోయిన సన్న సన్న తిత్తులు గూడ తెరుసుకుంటయ్. అసలు మనిషి తనకు తెల్వకుండనే గంటకు పన్నెండు సార్ల దాక ఇట్ల నిట్టూరుస్తడు. అంటె అమ్మమ్మ ఎంత కసిరినా ఆ ఇంట్ల ఉస్సురు ఎన్నడూ ఆగలేదు.

ఇగ పరేషాన్ సంగతి. దీనికి ఊపిరి లెక్కలేం అక్కర లేదు, చేతులకు పని ఉంటె సాలు. మా అత్తమ్మ కోపమొస్తె ఒక్క మాట అనకపోయేది, జొన్నపిండి ముందటేసుకోని రొట్టెలు కొట్టేది. టప్ టప్ టప్. ఆ చప్పుడును బట్టి మేం లెక్కగట్టేటోళ్లం, ఇయ్యాల ఎవరి మీద, ఎంత అని. నాలుగో రొట్టెకు చప్పుడు మెత్తబడేది. ఆ రొట్టెలు మాత్రం మస్తు పొంగేటియి! నీకు రొట్టె రాకపోతె బట్టలు పిండు, కొత్తిమీర ఒలువు. చేతిల ఫోన్ పట్టుకోని యేలితోని తోసుడు మాత్రం ఈ లెక్కల రాదు. దాంట్ల ఊరోళ్ల పరేషానంతా వచ్చి నీ నెత్తిన కూసుంటది.

ముఖం మీద సల్లటి నీళ్లు గూడ మంచి ఉపాయమే, గుండె వేగం తగ్గుతది. ఎండకాలం రంజన్ నీళ్లు, చలికాలమైతె మన నల్లా నీళ్లే సాలు, ప్రాణం జల్లుమంటది. గుండె జబ్బున్నోళ్లు మాత్రం చలిల ఈ పని చెయ్యొద్దు.

మొన్న ఒక చదువుకున్న పిల్ల నాతోని అన్నది, "ఆంటీ, కుంటాల జలపాతానికి పోయి రండి, స్ట్రెస్ అంతా పోతది." పోతది బిడ్డా, ఎందుకు పోదు? 45 మీటర్ల మీదికెల్లి కడెం నీళ్లు దుంకుతుంటె ఎవరికి హాయి అనిపియ్యది? కానీ పోవాల్నంటె పొద్దుగాల్నే లేసి పులిహోర కలపాలె, డబ్బాలు కట్టాలె, పిల్లల చెప్పులు ఎతకాలె, మెట్లు దిగి మల్ల ఎక్కాలె, ఇంటికొచ్చి అవే డబ్బాలు తోమాలె. ఏడాదికోసారి పో. రోజు రందికి గది మందు కాదు.

రందికి మందు మనిషే. బతుకమ్మ యాది చేసుకో. పెత్రమాస నాడు ఎంగిలిపూలతోని ఎత్తుకోని సద్దులదాక తొమ్మిదొద్దులు, ఒకామె పాట అందుకుంటె తక్కినోళ్లం సాగదీసి ఎత్తుకుంటం. ఆ సాగదీసుడంతా ఏంది? ఊపిరి ఇడుసుడే కదా. పాటకూ పాటకూ నడుమ ఎవరి కోడలు, ఎవరి అప్పు, ఎవరి మోకాళ్లు, అన్ని బయటపడుతయ్. ఉట్నూరు, జైనూరు దిక్కు గోండులు దీపావళి ముందర దండారి కట్టి ఊరూరు తిరిగి ఆడుతరు. మార్లవాయి కనకరాజు తాతకు ఆ దండారిల ఆడే గుస్సాడీ ఆటకే 2021ల పద్మశ్రీ వచ్చింది. వాళ్లకది దేవుని కొలువు, దానికి మనం స్ట్రెస్ మందని చీటీ అతికిచ్చుడు తప్పు. కానీ ఒక్కడే మూలకు కూసోని రంది పడుడుకన్న పదిమందిల కాలు కదుపుడు మేలని వాళ్లను చూస్తె నాకెప్పుడూ అనిపిస్తది. మన కష్టమేందంటె, సద్దుల బతుకమ్మ పోతనే పత్తి ఏరుడు మొదలైతది, ఇగ గుంపు చెదురుతది. అందుకని నేనూ ముగ్గురు అక్కచెల్లెండ్లూ ఒక కట్టడి పెట్టుకున్నం. వారానికి ఒక్క ఫోన్, పది నిమిషాలు. సలహాలు ఇయ్యొద్దు. "అవునా, అట్లైందా" అనుడే. సలహా ఇచ్చినోళ్లు మల్లసారి చాయ పోయియ్యాలె. ఇప్పటికి నేనే ఎక్కువ పోసిన.

మనాదికి ఇవేవీ ఆనవు చెల్లె, అది చెప్పకపోతె నేను అక్కను కాను. రెండు వారాలు దాటినా నిద్ర లేదు, బువ్వ పోదు, ఎవరితోని పొసగది, బతికెందుకు అనే మాట ఒక్కసారన్న నోట్లకొచ్చిందనుకో, ఊపిరి లెక్కలు పక్కన పెట్టి 14416కు చెయ్. టెలీమానస్ అని 2022 అక్టోబర్ 10 నుంచి ప్రభుత్వం నడుపుతున్నది. రాత్రీ పగలూ ఎత్తుతరు, పైస ఖర్చు లేదు, తెలుగుల మాట్లాడుతరు. నీకు కాకపోయినా నంబరు ఫోన్ల ఎక్కిచ్చుకో. పత్తి దిగుబడి రాని ఏడు, నీ పక్కింటాయన గూడ దేనికో మౌనంగుంటడు.

ఇగ ఉంట. రాసుకుంట రాసుకుంట పొద్దుగూకింది, దీపం పెట్టాలె. నడుం పట్టేసింది, ఛాతీల ఒక పెద్ద ఊపిరి ఎదురుచూస్తున్నది. గోడ మీద అమ్మమ్మ ఫోటో దిక్కు ఒక్కసారి చూసిన. చూసి, ఎందుకైనా మంచిదని కడప దాటి వాకిట్లకు పోయి ఉస్సురన్న.