పచ్చిగా తినాలా? వండి తినాలా?

ఆహారాన్ని వండకుండా తింటేనే పోషకాలన్నీ అందుతాయని చాలామంది నమ్ముతారు. ఇందులో కొంత నిజముంది. కానీ అన్ని పదార్థాలకూ ఇదే నియమం పాటిస్తే మేలు కన్నా కీడే ఎక్కువ.

పచ్చిగా తింటే లాభం

విటమిన్ సి, ఫోలేట్ నీటిలో కరుగుతాయి, వేడికి దెబ్బతింటాయి. అందుకే జామ, ఉసిరి, కీరా వంటివి పచ్చిగా తినడమే మంచిది. పెసలు మొలకెత్తినప్పుడు వాటిలో విటమిన్ సి పెరుగుతుంది. ఇనుము, జింకు ఒంటికి పట్టకుండా అడ్డుపడే ఫైటేట్లు తగ్గుతాయి.

వండితే లాభం

టమాటాలోని లైకోపీన్, క్యారెట్‌లోని బీటా కెరోటిన్ గట్టి కణ గోడల మధ్య ఉంటాయి. వేడికి ఆ గోడలు మెత్తబడతాయి. కాస్త నూనె తోడైతే ఈ పోషకాలను శరీరం మరింత బాగా గ్రహిస్తుంది. బియ్యం, బంగాళాదుంపల్లోని పిండిపదార్థం కూడా ఉడికితేనే సులువుగా జీర్ణమవుతుంది.

ప్రమాదం ఎక్కడ?

రాజ్మాలో లెక్టిన్ అనే విషపదార్థం ఉంటుంది. సరిగా ఉడకని గింజలు కొద్దిగా తిన్నా వాంతులు, విరేచనాలు అవుతాయి. సగ్గుబియ్యానికి మూలమైన కర్రపెండలాన్ని పచ్చిగా తింటే సయనైడ్ విడుదలవుతుంది. సరిగా కడగని ఆకుకూరల ద్వారా బద్దెపురుగు గుడ్లు కడుపులోకి చేరవచ్చు. వాటి లార్వాలు మెదడుకు చేరితే మూర్ఛ వస్తుంది.

మొలకలకు కావలసిన తేమ, వెచ్చదనమే బ్యాక్టీరియాకూ అనుకూలం. 2011లో జర్మనీలో మెంతి మొలకల ద్వారా వ్యాపించిన ఇ.కోలి వల్ల 3,800 మందికి పైగా జబ్బుపడ్డారు. 50 మందికి పైగా మరణించారు.

ఏళ్ల తరబడి దాదాపు పచ్చి ఆహారమే తినేవారి మాటేమిటి? అలాంటి 201 మందిపై జర్మనీలో జరిగిన అధ్యయనం 2005లో ప్రచురితమైంది. వారిలో చెడు కొలెస్ట్రాల్ తక్కువగా ఉంది. అయితే 38 శాతం మందికి విటమిన్ బి12 లోపం కనిపించింది. ఈ లోపం రక్తహీనతకు, నరాల దెబ్బకు దారితీస్తుంది.

పాటించవలసిన జాగ్రత్తలు

• పండ్లు, కూరగాయలను కోయక ముందే ధారగా పారే మంచినీటిలో కడగాలి.
• రాజ్మాను రాత్రంతా నానబెట్టి, ఆ నీరు పారబోసి, కొత్త నీటిలో మెత్తగా ఉడికించాలి. సన్నని సెగపై సగం ఉడికిస్తే విషం పోదు.
• గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవారు మొలకలను బాగా ఉడికించే తినాలి.
• గుడ్లు, మాంసం, పాలు పచ్చిగా తీసుకోకూడదు.

భోజనంలో పండ్లు, పచ్చి కూరముక్కలతో పాటు ఉడికిన పప్పు, కూర కూడా ఉండాలి. ఏది పచ్చిగా తినాలో, ఏది వండాలో తెలుసుకోవడమే అసలైన ఆరోగ్య సూత్రం.