ఆరోగ్య ప్రశ్నోత్తరాలు: కేన్సరు చికిత్సలో సూక్ష్మరేణువులు

ప్రశ్న: మా అమ్మగారికి రొమ్ము కేన్సరు. పాక్లిటాక్సెల్ పడలేదు, ఎక్కించిన మొదటిసారే దద్దురులు, ఆయాసము వచ్చినవి. ఇప్పుడు డాక్టరుగారు ‘నానో’ రకపు మందు వ్రాసినారు. ఇది ఇంకను ప్రయోగదశలో నున్నదా? కేన్సరు కణములను మాత్రమే చంపునందురు, నిజమేనా?
— ఒక సోదరి, తెనాలి

జవాబు: పాక్లిటాక్సెల్ నీటిలో కరగదు గనుక, ఆముదము నుండి తయారుచేసిన యొక ద్రావకమును ఆల్కహాలుతో చేర్చి, అందులో కలిపి సిరలోని కెక్కించుట మొదటినుండియు వాడుకలో నున్నది, దద్దురులకును ఆయాసమునకును పలుమారు కారణమగునది ఈ ద్రావకమే యగుటచేత, ముందుగా స్టెరాయిడు ఇచ్చి, మూడుగంటలసేపు మెల్లగా ఎక్కింతురు. క్రొత్తరకములో ఆ ద్రావకమును పూర్తిగా తొలగించి, మన నెత్తుటిలో సహజముగా నుండు ఆల్బుమిన్ అను మాంసకృత్తుతో మందును జతపరచి, సుమారు 130 నానోమీటర్ల రేణువులుగా చేసినారు. పాలవలె తెల్లనగు నీ మందు అరగంటలో ఎక్కును. అనుపానము మారినదే గాని ఔషధ మదియే. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీనిని 2005లోనే రొమ్ము కేన్సరునకు అనుమతించినది గనుక, ఇది ప్రయోగదశను దాటి చాలకాలమైనది.

ఇక రెండవ సందేహము. కేన్సరు గడ్డలలోని రక్తనాళములు సందులు గలవై యుండుటచే పెద్ద అణువులు వాటిగుండా జారి గడ్డలో నిలుచునని 1986లో జపానునందు మత్సుమురా, మయేదా అను శాస్త్రజ్ఞులు వెల్లడించినప్పుడు, మందు గడ్డను మాత్రమే చేరునను ఆశ ప్రబలినది. కాని టొరాంటో పరిశోధకులు పదేండ్ల జంతుప్రయోగములను సమీక్షించి 2016లో ప్రకటించిన లెక్క ప్రకారము, గడ్డను చేరిన రేణువుల మధ్యస్థ ప్రమాణము నూటికి 0.7 మాత్రమే, తక్కినదానిలో అధికభాగమును కాలేయము, ప్లీహము పట్టివేయును. కావున తెల్లకణములు తగ్గుట, జుట్టు రాలుట ఈ మందుతోను కలవు. చేతులకు, కాళ్లకు తిమ్మిరి పాతరకముకంటె హెచ్చుగానే రావచ్చును. చొక్కా గుండీలు పెట్టుకొనుట కష్టమైనను, కాలి చెప్పు జారినను తెలియకున్నను వెంటనే డాక్టరుగారికి చెప్పవలెను.

ప్రశ్న: ఇట్టి రేణువులతో కేన్సరును స్కానులో ముందే కనిపెట్టవచ్చునా?
— ఒక పాఠకుడు, వరంగల్లు

జవాబు: ఆశాజనకమైన ప్రయత్నములు కలవు. ఇనుప ఆక్సైడు రేణువులను సిరలోని కెక్కించినచో, ఆరోగ్యముగానున్న లింఫు గ్రంథులలోని కణములు వాటిని మ్రింగుటచే ఎం.ఆర్.ఐ.లో ఆ గ్రంథులు నల్లబడును. కేన్సరు ఆక్రమించిన భాగము తెల్లగానే నిలుచును. ప్రోస్టేటు కేన్సరులో ఈ పద్ధతి ఫలితములు 2003లోనే ప్రకటితమైనవి. మూత్రముగుండా వెడలిపోవునంత చిన్నవియైన సిలికా రేణువులను మనుష్యులలో పరీక్షించుటకు 2011లో అమెరికాలో అనుమతి లభించినది. అయినను ఇవి సామాన్య రోగి నిత్యపరీక్షలలోనికి ఇంకను రాలేదు.

కావున, సాధారణ పాక్లిటాక్సెల్ పడినవారు క్రొత్తదను పేరునకై అప్పుచేయనక్కరలేదు, పడనివారు సంకోచింపనక్కరలేదు. రొమ్ములో గడ్డ తగిలినవారు మాత్రము రాబోవు స్కానులకై వేచియుండక, నేడున్న మామోగ్రామును, సూదిపరీక్షను ఆలసింపక చేయించుకొనవలెను.